పదువాలో ఒక ఉచిత స్థానం



మీ ఇంట్లో బాగా చదివే బిడ్డ ఉన్నాడనుకోండి. తరగతిలో ఎప్పుడూ మొదటివాడే. మాష్టర్లు మెచ్చుకుంటారు. విచారణ గురువులు కనబడినప్పుడల్లా తల నిమిరి ఆశీర్వదిస్తారు. చుట్టాలు చూసి మురిసిపోతారు. అంతవరకూ సంతోషమే. కాని పై చదువుకు పంపాల్సిన రోజు వచ్చేసరికి ఫీజు, హాస్టలు, పుస్తకాలు, బట్టలు అన్నీ కూడి చూసుకుంటే మీ ఏడాది రాబడి చాలదు. మార్కులున్న పిల్లలకు డబ్బు కట్టించుకోకుండా చదువు చెప్పే చోట్లు ఎక్కడో ఉన్నాయని మీరు వినే ఉంటారు. అవి ఎక్కడ ఉన్నాయి, ఎవరిని అడగాలి, ఎప్పటిలోగా అడగాలి అన్నది మాత్రం చెప్పేవారు కనబడరు.

సరిగ్గా ఇదే చిక్కు 1850లో ఇటలీ దేశంలో ఒక పేద కుటుంబానికి వచ్చింది. ఆ కుటుంబపు పిల్లవాడు తర్వాత పోపుగారు అయ్యారు, పునీతుడూ అయ్యారు. ఆయనే పునీత పదవ పయస్. ఏటా ఆగస్టు 21న శ్రీసభ ఆయన పండుగ జరుపుకుంటుంది. హైదరాబాదు నాచారంలో ఆడపిల్లల డిగ్రీ కళాశాల ఒకటి ఆయన పేరు మీదనే నడుస్తోంది. చిన్నపిల్లల దివ్యసత్ప్రసాదపు పోపుగారుగా ఆయన మీకు తెలిసే ఉంటారు. ఈ వారం ఆయన పీఠం ఎక్కిన కథకంటే, బడి మెట్లు ఎక్కిన కథను ముఖ్యంగా చెప్పుకుందాం.

బంట్రోతు కొడుకు

వెనిస్ నగరానికి లోపలి వైపున, ట్రెవీసో మేత్రాసనంలో రియేసె అనే పల్లె ఉంది. అప్పట్లో ఆ ప్రాంతమంతా ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1866లో గాని అది ఇటలీ రాజ్యంలో కలవలేదు. ఆ పల్లెలో 1835 జూన్ 2న జ్యూసెప్పె సార్తో పుట్టాడు. మరునాడే జ్ఞానస్నానం ఇప్పించారు. జ్యూసెప్పె అంటే మన జోజప్పే. మన ఇళ్ళలో జోజి అని ముద్దుగా పిలిచినట్టు ఇంట్లోవాళ్ళు అతన్ని బేపీ అని పిలిచేవారు.

తండ్రి జొవాన్నీ బత్తిస్తా ఊరి కచేరీలో బంట్రోతు. కాగితాలు, కబుర్లు, ఉత్తరాలు చేరవేయడం ఆయన పని. జీతం స్వల్పం. తల్లి మార్గరీతా ఇరుగుపొరుగు వారికి బట్టలు కుట్టేది. విచిత్రంగా, సార్తో అనే ఇంటిపేరుకు వాళ్ళ భాషలో దర్జీ అని అర్థం. ఆ దంపతులకు పదిమంది పిల్లలు పుట్టారు. మొదటి బిడ్డ పసికందుగానే చనిపోవడంతో రెండోవాడైన జ్యూసెప్పే ఇంటికి పెద్దకొడుకయ్యాడు.

పెద్దకొడుకంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. పన్నెండో ఏటనో పదమూడో ఏటనో పనిలోకి దిగి తండ్రికి చేయందించాలి. వెనక ఉన్న చెల్లెళ్ళ సంగతి చూడాలి. ఆ ఊళ్ళో లోకరీతి అదే. కాని ఈ కుర్రవాడికి రెండు కోరికలు ఉండేవి. ఒకటి గురువు కావాలని. రెండోది బాగా చదువుకోవాలని. ఊరికి దగ్గరలో చెంద్రోలె అనే చోట దేవమాత గుడి ఉంది. ఆ గుడికి వెళ్ళి ప్రార్థించుకోవడం అతనికి చిన్ననాటి నుంచీ అలవాటు.

ఆ రోజుల్లో గురువు కావాలన్నా, ఏ పై చదువు చదవాలన్నా లాటిన్ భాష రావాలి. ఊరిబడిలో చదవడం, రాయడం, లెక్కలు వేయడం మించి చెప్పేవారు కాదు. అక్కడ మొదటి తలుపు తెరిచినవారు విచారణ గురువులు డాన్ టీటో ఫుసరోనిగారు. ఆయనా, ఆయన సహాయ గురువూ ఈ పిల్లవాడికి గుడి పనుల మధ్య వీలు చేసుకుని లాటిన్ మొదటి పాఠాలు చెప్పారు. అవి లేకపోతే తర్వాతి కథే లేదు. తెలివి ఉన్న బిడ్డ పై తరగతికి పనికిరాకుండా పోయేది చాలాసార్లు తెలివి చాలక కాదు. ఆ తరగతికి కావలసిన ఒక్క పాఠం చెప్పేవారు ఊళ్ళో లేకనే.

చెప్పులు భుజాన వేసుకుని

1846లో, పదకొండో ఏట, అతన్ని కాస్టెల్‌ఫ్రాంకో పట్టణంలోని ఉన్నత పాఠశాలలో చేర్చారు. రియేసె నుంచి ఆ పట్టణం సుమారు ఏడు కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి నడిచి వెళ్ళాలి. సాయంత్రం నడిచే రావాలి. నాలుగేళ్ళు అలాగే నడిచాడు. చెప్పులు త్వరగా అరిగిపోతాయని దారిలో వాటిని విప్పి భుజాన వేసుకుని, పట్టణం పొలిమేరలో మళ్ళీ తొడుక్కునేవాడని ఆయన జీవిత చరిత్రలన్నీ చెబుతాయి. మధ్యాహ్నానికి ఇంటి నుంచి మూట కట్టుకున్న రొట్టెముక్క.

ఆ నాలుగేళ్ళూ ప్రశాంతంగా గడిచినవి కావు. 1848లో వెనిస్ నగరం ఆస్ట్రియా మీద తిరుగుబాటు చేసింది. 1849 ఆగస్టులో ఆస్ట్రియా సైన్యం దాన్ని తిరిగి పట్టుకునే వరకూ ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా యుద్ధపు నీడలోనే ఉంది. అయినా ఈ కుర్రవాని చదువు ఆగలేదు. ట్రెవీసోలో జరిగిన పరీక్షల్లో అతడు మొదటి స్థానంలో నిలిచాడు.

ఇక్కడిదాకా కథ మన ఊళ్ళలో మనం చూసేదే. పేదింటి బిడ్డకు మొదటి ర్యాంకు వచ్చింది. పల్లె అంతా సంతోషించింది. ఆ తర్వాత?

మార్కులు తలుపు దాకా తెస్తాయి

ఆ తర్వాత దారి మూసుకుపోయింది. వయసు పదిహేను. ముందున్నది సెమినరీ చదువు. అది ఎనిమిదేళ్ళ మాట. తిండికి, బసకు, పుస్తకాలకు ఎవరు పెట్టగలరు? బంట్రోతు జీతం నుంచి అది అయ్యే పని కాదు. మొదటి ర్యాంకు కాగితం చూపిస్తే ఎవరూ భోజనం పెట్టరు కదా.

అప్పుడు ఫుసరోనిగారు చేసిన పని మీరు గమనించాలి. ఆయన దగ్గరా డబ్బు లేదు. ఆయనకు ఉన్నది ఒక్క సమాచారం. పదువా నగరంలోని సెమినరీలో ట్రెవీసో మేత్రాసనపు విద్యార్థులకు కొన్ని ఉచిత స్థానాలు ఉండేవి. వాటికి పేర్లు సూచించే అధికారం వెనిస్ పేట్రియార్క్‌గారి చేతిలో ఉండేది. ఆ సమయంలో వెనిస్ పేట్రియార్క్ కార్డినల్ యాకొపో మోనికోగారు. ఆయన పుట్టిన ఊరు కూడా రియేసెయే. పిల్లవాని పేద స్థితి, నడవడి, పరీక్షల ఫలితం వివరిస్తూ విన్నపం ఆయనకు చేరింది. మోనికోగారు ఒప్పుకున్నారు. ఆ విధంగా 1850 శరదృతువులో జ్యూసెప్పె సార్తో పదువా సెమినరీ గడప దాటాడు.

పదువా అంటే పునీత అంతోనివారి పట్టణమని మీకు తెలుసు. అక్కడి సెమినరీ కూడా పేరుమోసినదే. పదిహేడవ శతాబ్దంలో పదువా పీఠాధిపతిగా ఉన్న పునీత గ్రెగొరీ బర్బరీగోవారు దానిని తీర్చిదిద్దారు. మంచి గ్రంథాలయం, సొంత అచ్చుయంత్రం, తూర్పుదేశాల భాషల అచ్చు అక్షరాలు కూడా ఆయన సమకూర్చారు. అంటే ఆ పల్లెటూరి బిడ్డకు దొరికింది ఏదో ఒక చోటు కాదు, ఆ ప్రాంతంలో ఎన్నదగిన విద్యాలయం. ఫీజు లేకుండా దొరికిన చదువు తక్కువ రకం చదువని అనుకోవద్దు. మేలైన చోట్లలోనే ఇలాంటి స్థానాలు ఉండటం తరచు చూస్తాం. ఎందుకంటే ఎవరో దాతలు, పెద్దలు ముందుచూపుతో వాటి కోసం నిధులు ఏర్పరచి పోతారు. అడిగేవారు లేక ఆ స్థానాలు ఖాళీగా ఉండిపోవడం ఒక్కటే బాధ.

మీలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. ఊరివాడు కనుక ఊరి పిల్లవానికి ఇప్పించారు, ఇది సిఫారసు కాదా అని. అడగవలసిన ప్రశ్నే. చదువు రానివాడికి చదువు వచ్చినవాని స్థానం ఇప్పించేది సిఫారసు. అర్హుడైన బిడ్డ ఒకడు ఫలానా చోట ఉన్నాడని తెలియవలసినవారికి తెలియజేయడం సాక్ష్యం. ఫుసరోనిగారు చేసింది రెండో పని. పిల్లవాడు దానిని ఏడాదిలోనే రుజువు చేశాడు. నడవడిలో ఎవరికీ తీసిపోడనీ, తెలివి, జ్ఞాపకశక్తి గొప్పవనీ, అతని మీద పెద్ద ఆశలు పెట్టుకోవచ్చుననీ సెమినరీ గురువులు తమ రికార్డులో రాసుకున్నారు. తరువాతి ఏళ్ళలోనూ అతడు వెనుకబడలేదు.

ఇంకొక సంగతి. కార్డినల్ మోనికోగారు 1851 ఏప్రిల్‌లో, అంటే కొన్ని నెలలకే, పరమపదించారు. ఆ విన్నపం ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే దాన్ని చదివేవారు వేరొకరు అయ్యేవారు. రియేసె ఎక్కడుందో కూడా తెలియనివారు అయి ఉండవచ్చు. దేవుని చిత్తం అని మనం అంటాం, నిజమే. కాని ఆ చిత్తానికి అనుకూలంగా ఒక విచారణ గురువు సమయానికి కలం పట్టారన్నది కూడా నిజం.

తల్లి కట్టిన ఫీజు

ఉచిత స్థానం అంటే అన్నీ ఉచితమని కాదు. అది మీకు అనుభవమే. స్కాలర్‌షిప్పు కాలేజీ ఫీజు కడుతుంది. ఇంట్లో తగ్గిపోయిన సంపాదన ఎవరు పూడుస్తారు?

1852 మే నెలలో తండ్రి చనిపోయాడు. అప్పటికి జ్యూసెప్పెకు పదిహేడేళ్ళు నిండలేదు. తల్లికి నలభై రాలేదు. ఇంటినిండా చిన్నపిల్లలు. బంట్రోతు జీతం ఆగిపోయింది. పెద్దకొడుకు తిరిగి వచ్చి ఏదో ఒక పనిలో చేరితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అలా రావడమే ధర్మమని చెప్పేవారే ఎక్కువ ఉండే కాలం అది. కాని మార్గరీతా కొడుకుని చదువు మాన్పించలేదు. సూది చేతబట్టి సంసారాన్ని నెట్టుకొచ్చింది. ఆడపిల్లలు ఎదిగిన కొద్దీ తల్లి పక్కన కూర్చుని కుట్టుపనిలో సాయపడ్డారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పునీతుల జీవితాలు చదివేటప్పుడు మన కళ్ళు ఎప్పుడూ ఆ పునీతుని మీదే ఉంటాయి. కాని పదువాలో ఆ స్థానం ఎనిమిదేళ్ళు నిలిచిందంటే అందులో తెరెసా, రోజా, అంతోనియా, మరియా, లూచియా, అన్నా అనే చెల్లెళ్ళ వాటా కూడా ఉంది. కుటుంబంలో ఒక బిడ్డ చదువుకు మిగిలిన బిడ్డలు కట్టే ఫీజు ఇది. ఏ రసీదులోనూ కనబడదు. మీ ఇంట్లో ఒక్కడినే పై చదువుకు పంపుతున్నారంటే, వెనక ఉండిపోయిన ఆడపిల్లను తలచుకోండి. ఆమెకు కూడా మార్కులు వస్తున్నాయేమో చూడండి. 1850లో రియేసె ఆడపిల్లలకు అలాంటి స్థానాలు లేవు. ఈనాడు మన ఆడపిల్లలకు ఉన్నాయి.

తీసుకున్నది తిరిగి ఇచ్చిన తీరు

1858 సెప్టెంబరు 18న, తాను రోజూ నడిచి వెళ్ళి చదువుకున్న కాస్టెల్‌ఫ్రాంకో పట్టణంలోనే, జ్యూసెప్పె సార్తోగారికి గురుపట్టాభిషేకం జరిగింది. వయసు ఇరవైమూడే కనుక రోము నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవలసి వచ్చింది. పట్టమిచ్చిన ట్రెవీసో పీఠాధిపతులు జొవాన్నీ అంతోనియో ఫరీనాగారిని కూడా శ్రీసభ 2014లో పునీతునిగా ప్రకటించింది.

తొలి నియామకం టొంబొలో అనే పల్లె. అక్కడ సహాయ గురువుగా తొమ్మిదేళ్ళు ఉన్నారు. విచారణ గురువులు జబ్బుమనిషి కావడంతో పని భారమంతా ఈయన మీదే పడింది. ఊరివాళ్ళలో చాలామంది పశువుల బేరగాళ్ళు, సేద్యగాళ్ళు. చదువు అంతంతమాత్రం, నోరు మాత్రం పెద్దది. మాటకు ముందు ఒక తిట్టు, వెనక ఒక తిట్టు. సార్తోగారు వారికి రాత్రిబడి పెట్టారు. పగలంతా పొలంలోనో సంతలోనో పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళకు రాత్రిపూట చదవడం, రాయడం నేర్పారు. ఫీజు ఎంత ఇమ్మంటారని వారు అడిగితే, దేవుని పేరు పెట్టి తిట్టడం మానేస్తే చాలు, అదే తనకు ఫీజు అని చెప్పారట. ఉచితంగా చదువు పొందినవారు ఉచితంగా చదువు చెప్పడం అక్కడ మొదలైంది.

1867లో సాల్జానో విచారణ గురువులయ్యారు. ఆసుపత్రిని పెంచడానికి సొంత డబ్బు పెట్టారు. కలరా వచ్చినప్పుడు రోగుల మధ్యనే తిరిగారు. చేతిలో ఏమున్నా బీదలకు ఇచ్చేసేవారు కనుక ఆయన ఇల్లు నడపడం చెల్లెళ్ళకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. 1875లో ట్రెవీసోకు పిలిచి మేత్రాసన కార్యాలయం పనితో బాటు సెమినరీ విద్యార్థుల ఆధ్యాత్మిక గురువు బాధ్యత కూడా అప్పగించారు. ఒకప్పుడు పరీక్ష రాయడానికి వచ్చిన ఊళ్ళోనే ఇప్పుడు తనవంటి పల్లెటూరి పిల్లలకు పెద్దదిక్కు అయ్యారు. ప్రభుత్వ బడులలో చదివే పిల్లలకు కూడా సత్యోపదేశం అందేలా ఏర్పాటు చేశారు.

1884లో మాంతువా పీఠాధిపతులయ్యారు. ఆ మేత్రాసనం అప్పుడు చాలా చిక్కుల్లో ఉంది. ఆయన మొట్టమొదట పట్టించుకున్నది సెమినరీని. పీఠాధిపతి అయి ఉండి కూడా కొన్నేళ్ళపాటు తానే తరగతికి వెళ్ళి వేదశాస్త్రం పాఠాలు చెప్పారు. 1893లో కార్డినల్ పదవి వచ్చింది, దానితో బాటు వెనిస్ పేట్రియార్క్ పీఠం వచ్చింది. నలభైమూడేళ్ళ క్రితం ఏ పీఠం నుంచి వచ్చిన అనుమతితో పదువాలో అడుగుపెట్టారో ఆ పీఠం మీదే ఆయన కూర్చున్నారు. కుట్టుపని చేసి కొడుకు చదువు నిలబెట్టిన తల్లి ఆ గౌరవాన్ని కళ్ళారా చూసి, 1894 ఫిబ్రవరిలో కన్నుమూసింది.

1903 ఆగస్టు 4న ఆయన పోపుగా ఎన్నికయ్యారు. ఎన్నిక కోసం రోముకు వెళ్ళేటప్పుడు రానూ పోనూ టికెట్టు కొనుక్కున్నారన్న సంగతి మీరు వినే ఉంటారు. పదకొండేళ్ళ పాలనలో ఆయన చేసిన పనులు చాలా. 1904లో శ్రీసభ చట్టాలన్నిటినీ ఒకే సంపుటంగా కూర్చే పని మొదలుపెట్టించారు. 1905లో తరచుగా దివ్యసత్ప్రసాదం స్వీకరించమని విశ్వాసులను ప్రోత్సహించారు. 1910లో బుద్ధి తెలిసిన వయసుకు, అంటే సుమారు ఏడేళ్ళకు, పిల్లలకు దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చునని ఆజ్ఞాపించారు. మన విచారణల్లో తెల్లని బట్టలు తొడుక్కుని బారులు తీరే చిన్నారులను చూసినప్పుడు ఆయనను తలచుకోవాలి.

చదువు విషయంలో ఆయన చేసినవి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇటలీలో చాలా చిన్న మేత్రాసనాలకు మంచి సెమినరీ నడిపే శక్తి లేదు. అక్కడి పేద విద్యార్థులకు అరకొర చదువే దక్కేది. ఆయన అలాంటి మేత్రాసనాలను కలిపి ప్రాంతీయ సెమినరీలు ఏర్పాటు చేయించారు. 1909లో రోములో బైబులు విద్యాపీఠం స్థాపించారు. 1908 డిసెంబరు 28న మెస్సీనా పట్టణాన్ని భూకంపం నేలమట్టం చేసినప్పుడు వందలాది అనాథ పిల్లల పోషణ, చదువు బాధ్యతలను శ్రీసభ ఖర్చు మీద స్వీకరించారు. ఆ పిల్లలెవరికీ మొదటి ర్యాంకులు లేవు. ఉన్నది అవసరం మాత్రమే.

చెల్లెళ్ళ మాట ఏమిటంటారా? పోపుగారి బంధువులకు గొప్ప బిరుదులు ఇవ్వడం అంతకుముందు ఆనవాయితీ. ఆయన ఇవ్వలేదు. చెల్లెళ్ళు రోములో మామూలు ఇంట్లో, మామూలు బట్టల్లో బతికారు. ఆయన వీలునామాలో కోరింది వారికి ఒక చిన్న నెలసరి భత్యం మాత్రమే. బీదగా పుట్టాను, బీదగానే పోవాలనుకుంటున్నానన్న భావం ఆ వీలునామాలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 1914 ఆగస్టు 20న, ఆయన ప్రభువులో నిద్రించారు. 1954 మే 29న పన్నెండవ పయస్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇది ఒక్కరి కథే కాదని చెప్పడానికి ఇంకొక పేరు. బెర్గమో మేత్రాసనంలో 1881లో ఒక కౌలు రైతు ఇంట ఆంజెలో రొంకల్లి పుట్టాడు. ఇల్లంతా పిల్లలు, చేతిలో కాసు లేదు. ఆ మేత్రాసనపు విద్యార్థులను రోములో చదివించడానికి చెరసోలి అనే నిధి ఒకటి ఉండేది. 1901లో ఆ స్కాలర్‌షిప్పుతో అతడు రోము వెళ్ళి చదివాడు. ఆయన కూడా 1953లో వెనిస్ పేట్రియార్క్ అయ్యారు, 1958లో ఇరవైమూడవ జాన్ పోపుగారు అయ్యారు. పదువా సెమినరీని తీర్చిదిద్దిన బర్బరీగోవారిని 1960లో పునీతునిగా ప్రకటించింది ఆయనే.

మన విచారణలో ఫుసరోని ఎవరు?

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. ఈ రోజుల్లో స్థానాలు ఒక పేట్రియార్క్ చేతిలో లేవు. చాలాచోట్ల ఉన్నాయి. కాని వాటిని వెదకడం, సమయానికి అడగడం అనే పని మాత్రం అలాగే ఉంది.

అయిదో తరగతి చదివే బిడ్డకు నవోదయ విద్యాలయాల ప్రవేశ పరీక్ష ఉంది. నెగ్గితే ఆరో తరగతి నుంచి చదువు, బస, భోజనం అక్కడే. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పేద పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2008లో ఒక ప్రతిభా స్కాలర్‌షిప్పు పరీక్ష మొదలుపెట్టింది. ఎంపికైన బిడ్డకు తొమ్మిది నుంచి ఇంటరు వరకు ఏడాదికి 12,000 రూపాయలు ఇచ్చే పథకం అది. ఇంటరులో బోర్డు మొత్తంలో పైవరుసలో నిలిచిన పేద పిల్లల డిగ్రీ చదువుకు వేరే పథకం ఉంది. నిబంధనలు, తేదీలు మారుతూ ఉంటాయి కనుక ప్రతి ఏటా ఆ ఏటి ప్రకటన చూడండి, ప్రధానోపాధ్యాయులను అడగండి. కాలేజీలో చేర్చేటప్పుడు కూడా సంకోచించకుండా కార్యాలయంలో అడగండి. మార్కులు వచ్చిన బీదపిల్లలకు ఇక్కడ ఫీజు రాయితీ ఉందా, ఉంటే ఎన్ని మార్కులకు, ఎన్నేళ్ళ వరకు, మధ్యలో మార్కులు తగ్గితే ఏమవుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు తెలుసుకోకుండా సంతకం పెట్టవద్దు. ఒక్క కాలేజీ దగ్గరే ఆగిపోకండి. మూడు నాలుగు చోట్ల అడిగి సరిపోల్చుకోండి.

కాగితాల సంగతి మరింత ముఖ్యం. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం ముందే తీసి ఉంచుకోండి. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైన కుటుంబాలను మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ బి.సి.-సి వర్గం కింద లెక్కిస్తారు. ఆ ధ్రువపత్రం చివరి రోజున తీసుకోబోయి గడువు దాటించుకుంటే, బిడ్డ సంపాదించిన మార్కులు ఎందుకూ కొరగాకుండా పోతాయి.

ఈ పనంతా చదువురాని తల్లిదండ్రులు ఒంటరిగా చేయలేరు. రియేసెలో కూడా తల్లిదండ్రులు చేయలేదు. అందుకే ప్రతి విచారణలోనూ ఒకరు పూనుకోవాలి. రిటైరైన మాష్టారు కావచ్చు, ఉపదేశి కావచ్చు, మఠకన్య కావచ్చు, డిగ్రీ చదివిన యువతీయువకులు కావచ్చు. విచారణలో అయిదు, ఎనిమిది, పది, ఇంటరు చదివే పిల్లల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ పరీక్షకు ఏ తేదీ గడువో ఆదివారం పూజ అయ్యాక చదివి వినిపించండి. దరఖాస్తు నింపడంలో సాయపడండి. దీనికి నిధులు అక్కరలేదు. ఫుసరోనిగారికీ నిధులు లేవు.

ఇక మీ విచారణ నుంచి ఇలా ఉచితంగా చదువుకుని ఉద్యోగంలో స్థిరపడినవారు ఉంటే, వారికి ఈ పత్రిక ఒకసారి చూపించండి. రాత్రిబడి పెట్టమని ఎవరూ సార్తోగారిని అడగలేదు. తనకు దొరికినదాన్ని మరొకరికి అందించడం మొదటి నియామకం నాటి నుంచే ఆయనకు పని అయింది. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, మన విచారణ పిల్లలు ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఒక దరఖాస్తు నింపించినా అదే దారిలో నడిచినట్టు.

పునీత పదవ పయస్‌వారా, చదువు కోసం నడిచే మా బిడ్డల కొరకు ప్రార్థించండి. ఆమెన్.